బ్యాక్టీరియాకు పట్టు దొరకకుండా చేసే మందులు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించింది. రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరల ద్వారా సోకే వ్యాధి ఇది. యాభైకి పైగా మరణాలు నమోదయ్యాయి. లక్షల మంది నగరం విడిచి వెళ్లారు. టెట్రాసైక్లిన్ కోసం జనం ఎగబడటంతో మందుల దుకాణాల్లో నిల్వలు నిండుకున్నాయి.

టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియాలో ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. అయితే ఆ మరుసటి ఏడాదే, 1995లో, మడగాస్కర్‌లో ఒక రోగి నుంచి సేకరించిన ప్లేగు బ్యాక్టీరియా ఈ మందుతో పాటు స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్‌లకు కూడా లొంగలేదు. ఉన్న మందులు పనిచేయని రోజు వస్తే ఎలా?

ఒక దారి, బ్యాక్టీరియాను చంపే బదులు దాని పట్టును తప్పించడం. మన శ్వాసనాళాల్లోని జిగురు పొర క్రిములను బంధిస్తుంది. కణాలపై ఉండే సన్నని కేశాలు ఆ జిగురును పైకి నెట్టేస్తాయి. ఇక్కడ నిలదొక్కుకోవాలంటే బ్యాక్టీరియా కణాలను పట్టుకోవాలి. ఇందుకు తోడ్పడే ప్రొటీన్లే అడ్హెసిన్లు. ప్లేగు బ్యాక్టీరియాకు 'ఎయిల్' అనే అడ్హెసిన్ ఉంది. కణానికి అతుక్కున్నాకే అది సూది వంటి నిర్మాణంతో హానికర ప్రొటీన్లను లోపలికి పంపగలదు.

మందు రూపకల్పన అడ్హెసిన్ ఆకృతిని తెలుసుకోవడంతో మొదలవుతుంది. ఊపిరితిత్తులకు సోకే సూడోమోనాస్ బ్యాక్టీరియాలో లెక్-ఎ ప్రొటీన్ గాలక్టోజ్‌ను, లెక్-బి ప్రొటీన్ ఫ్యూకోజ్‌ను పట్టుకుంటాయి. ఇవి మన కణాలపై ఉండే చక్కెరలు. వాటిని పోలిన అణువులను ముందే అందిస్తే ప్రొటీన్‌లోని గుంట నిండిపోతుంది, కణంపై పట్టు దొరకదు. మామూలు చక్కెర బలహీనంగా అతుకుతుంది కనుక, మరింత గట్టిగా అతికే రూపాలను శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో వెతికి, తయారుచేసి పరీక్షిస్తారు. ఈ సూత్రం జంతువుల్లో పనిచేస్తుందని 1979లోనే తేలింది. మానోజ్ చక్కెర రూపం ఒకటి ఎలుకల మూత్రనాళంలో ఇ.కోలి స్థిరపడకుండా అడ్డుకుంది.

ఈ మందులు బ్యాక్టీరియాను చంపవు. అందువల్ల మందుకు లొంగని రకాలు మాత్రమే మిగిలి పెరిగే ఒత్తిడి తగ్గుతుందని ఆశ. పైగా మందును తప్పించుకోవడానికి గుంట ఆకృతిని మార్చుకుంటే, కణాన్ని పట్టుకునే శక్తినీ బ్యాక్టీరియా కోల్పోవచ్చు.

పరిమితులూ ఉన్నాయి. చాలా బ్యాక్టీరియాలకు ఒకటికి మించి అడ్హెసిన్లు ఉంటాయి. ఒకటి మూసుకుపోతే మరొకటి పనికొస్తుంది. అప్పటికే అతుక్కున్నవాటిని ఊడదీయడమూ కష్టం. ఊపిరితిత్తుల ప్లేగులోనైతే లక్షణాలు కనిపించిన 24 గంటల్లోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టడమే ప్రాణాలు కాపాడుతుంది. కాబట్టి పట్టు తప్పించే మందులు యాంటీబయాటిక్‌లకు బదులు కావు. వాటికి తోడుగా నిలిచి, వాటి ఆయుష్షును పెంచగలిగితే అదే పెద్ద మేలు.