అట్టముక్కతో గేట్‌మ్యాన్ గది

రైల్వే గేట్లు ఉన్నచోట ఇప్పుడు వంతెనలు లేస్తున్నాయి. గేటు పక్కన పెంకుల గది, గుమ్మం దగ్గర మంచినీళ్ళ కుండ ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి. అందుకే మన నమూనా రైలు మార్గంలో మొదట కట్టాల్సింది గేట్‌మ్యాన్ గదే అంటాను.

నమూనా రైళ్ళకు వాడే హెచ్‌వో కొలమానంలో అసలు అడుగు 3.5 మిల్లీమీటర్లు అవుతుంది. మేస్త్రీలు అడుగుల్లోనే కడతారు కాబట్టి లెక్క తేలిక.

1. కొలతలు: పదడుగుల గది 35 మి.మీ., తొమ్మిదడుగుల గోడ 31.5, ఆరున్నర అడుగుల తలుపు సుమారు 23. ఐదున్నర అడుగుల మనిషి 19 మి.మీ. పైచిలుకు. ఈ కొలతలు అట్టమీద గీసి, ఆ ఎత్తు బొమ్మను గీతల పక్కన నిలబెట్టి చూడండి. తలుపు తప్పితే గది మొత్తం తప్పినట్టే.

2. కోత: 1 మి.మీ. అట్ట చాలు. ముందు, వెనక గోడలు 35 వెడల్పు. వాటి మధ్య ఇమడాలి కాబట్టి పక్కగోడలు 33. వాటి పైన 10 మి.మీ. ఎత్తు త్రికోణం. గోడలు అతికించకముందే తలుపు, కిటికీలు కోయండి. కొత్త బ్లేడుతో నాలుగైదుసార్లు తేలిగ్గా గీయాలి, ఒక్కసారే నొక్కితే అంచు చిట్లుతుంది.

3. గోడ మందం: కిటికీల చుట్టూ లోపలివైపు ఇంకో అట్ట పొర అతికించండి. లేకపోతే ఇటుక గోడ రేకులా కనిపిస్తుంది. కిటికీ ఊచలుగా నల్లదారం బిగించాలి.

4. నిలబెట్టడం: మూలల్లో లోపల చిన్న పుల్లలు పెట్టి ఫెవికాల్‌తో అతికించి, మూలమట్టంతో సరిచూడండి. రంగు తడికి గోడలు వంగకుండా లోపలా బయటా పలచగా వార్నిష్ పూయండి.

5. పైకప్పు: గోడల కన్నా 5 మి.మీ. బయటికి వచ్చేలా అట్ట వేయండి. పాత శుభలేఖలను 4 మి.మీ. పట్టీలుగా కోసి, ప్రతి 3 మి.మీ.కూ చిన్న గాటు పెట్టండి. చూరు నుంచి పైకి, ఒకదానిపై ఒకటి 1 మి.మీ. ఎక్కేలా పేర్చాలి. అసలు పెంకులు నేసేదీ ఇలాగే.

6. రంగు: గోడకు సున్నపు తెలుపు, అడుగున జేగురు పట్టీ. ఎండాక చూరు కింద బొగ్గుపొడి వేలితో అద్దితే వానచారలు వస్తాయి.

7. నేలలో కుదర్చడం: గోడ కింద సందు కనిపిస్తే కష్టమంతా వృథా. అడుగున అరుగు అట్ట వేసి, దాని అంచులదాకా జల్లించిన మట్టి పోయండి.

చివరగా ఆ 19 మి.మీ. మనిషి చేతికి పచ్చజెండా ఇచ్చి, పట్టాలవైపు చూసేలా గుమ్మం ముందు నిలబెట్టండి. ఇప్పుడు బండి నడపండి.