పాత బండి కొనేముందు వేసుకోవలసిన లెక్క



ఊరూరా తిరిగి బట్టలు అమ్ముకునేవారికైనా, హోటల్ పార్సిళ్లు అందించేవారికైనా బండి అంటే షోకు కాదు, బతుకుతెరువు. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు పాతదాన్ని వెతుక్కుంటాం. "కొంచెం రిపేరుంది భాయ్, అందుకే తక్కువకిస్తున్నా" అనే మాట అక్కడే వినిపిస్తుంది. ఆ 'కొంచెం' ఎంతో తేల్చుకోకుండా డబ్బు చేతిలో పెడితే, అమ్మ నెలనెలా చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము మెకానిక్ షెడ్డులో ఆగిపోతుంది. అలా జరగకుండా ఉండాలంటే మూడు సంగతులు ఈ వరుసలోనే చూసుకోవాలి: కాగితాలు, బండి, లెక్క.

1. ముందు కాగితాలు

ఇంజిన్ చెడితే బాగుచేయించవచ్చు. కాగితాలు చెడితే ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. ఆర్.సి.లోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. నంబరు గీకినట్టో, మళ్లీ కొట్టినట్టో కనబడితే అక్కడినుంచి వచ్చేయండి.

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, మరో 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. బండి ఆ గడువుకు దగ్గరపడి ఉంటే ఆ ఖర్చు, తిరుగుడు మీ నెత్తినే పడతాయి. ఆర్.సి.లో ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరినట్టు వారిచ్చే ఎన్.ఓ.సి., ఫారం 35 అమ్మేవారి దగ్గర ఉండాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం ఎన్.ఓ.సి. కావాలి.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తయ్యాకే మిగిలిన డబ్బు ఇవ్వండి. పేరు మార్చుకోకుండా ఏళ్ల తరబడి నడపడం మనలో చాలామందికి అలవాటు. ప్రమాదం జరిగితే రిజిస్టరులో పేరున్నవారినే యజమానిగా పరిగణించాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అంటే పేరు మార్చకపోతే అమ్మినవారు చిక్కుల్లో పడతారు. కొన్నవారికి బండి తనదని చూపే ఆధారం ఉండదు. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి.

2. తర్వాత బండి

పగటిపూట వెళ్లండి. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, మీరు వచ్చేలోపే స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లారాక కిక్కు కొట్టించండి. చల్లని ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం: రింగులు, బోరు అరిగి ఉండవచ్చు, లేదా వాల్వ్ సీళ్లు పోయి ఉండవచ్చు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు చూపిస్తే తరచుగా తక్కువ ఖర్చుతో తీరుతుంది. పాత టూ-స్ట్రోక్ బళ్లలో పెట్రోలుతోపాటు ఆయిల్ కాలుతుంది కాబట్టి కొంత పొగ సహజం.

నడిపేటప్పుడు ఇంజిన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టు. డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పండి. మధ్యలో పట్టినట్టుంటే కోన్ సెట్ మార్చాలి. వెనక చక్రం పక్కలకు ఊగితే బుష్‌లో గానీ బేరింగులో గానీ లోపం ఉంది. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్‌తో సహా సెట్టంతా మార్చాలి. ఛాసిస్‌కు పగులు, వంకర, వెల్డింగు మచ్చ కనబడితే ధర ఎంత తగ్గించినా వద్దు.

మనలో చాలామందికి మెకానిక్ పని తెలిసిన బంధువు ఉంటాడు. కొన్నాక ఆయన దగ్గరికి వెళ్లడం కాదు, కొనకముందే వెంట తీసుకెళ్లండి.

3. చివరగా లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. రిపేరున్న బండి 22,000 రూపాయలు. అలాంటిదే నడుస్తున్న బండి 38,000. తేడా 16,000 కనబడగానే మనసు మొదటిదాని మీదికి పోతుంది. మెకానిక్ చెప్పిన అంచనా ఇలా ఉందనుకుందాం: ఇంజిన్ పని 6,500, చైన్ సెట్ 1,500, టైర్లు 3,500, మొత్తం 11,500. ఇంజిన్ విప్పాక బయటపడే వాటికోసం అందులో నాలుగో వంతు, సుమారు 2,900, కలపాలి. కాగితాలకు, ఇన్సూరెన్సుకు 2,000. బండి ఆరు రోజులు షెడ్డులో ఉంటే, రోజుకు 500 చొప్పున పోయే సంపాదన 3,000. అన్నీ కలిపితే 41,400.

నడిచే బండికి కాగితాల 2,000 కలిపినా 40,000 మాత్రమే. చవక అనుకున్నదే 1,400 ఎక్కువైంది! కాబట్టి ఈ బండికి 20,600 మించి ఇవ్వకూడదు. ఇంటి దగ్గరే ఈ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి. బేరం అక్కడికి దిగకపోతే సలాం చెప్పి రండి.

ఇంకొక్క ప్రశ్న: రిపేరు డబ్బు ఇప్పుడే చేతిలో ఉందా? "కొని, మెల్లగా చేయిస్తా" అనుకుంటే బండి గోడకానుకుని ఉంటుంది, అప్పు మాత్రం నడుస్తుంది. సంపాదనకు బండి రేపే కావలసినవారు నడిచేదే కొనాలి. పని తెలిసినవారికి, విడిభాగాలు ఊళ్లోనే దొరికే మోడల్ అయితే, రిపేరు బండి నిజంగానే లాభం.

అమ్మే సోదరులకూ ఒక మాట. మీకు తెలిసిన లోపం ముందే చెప్పండి. దానివల్ల ధర కొంత తగ్గవచ్చు. కానీ కొన్నవాడు రేపు బజారులో ఎదురైతే మీరు తల దించుకోనక్కర్లేదు.