పాత గేమ్ మిషన్ కొనేముందు అమ్మేదెవరో తేల్చుకోండి

ప్రశ్న: చిన్నప్పుడు హన్మకొండలో వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళలు వేసి ‘ముస్తఫా’ ఆడినవాణ్ణి. అలాంటి నిలువెత్తు పాత మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. హైదరాబాద్‌లో పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఒకటి, ఆన్‌లైన్ ప్రకటనలో ఒక ఇంటాయన దగ్గర ఇంకొకటి కనిపించాయి. ధరలు దాదాపు ఒకటే. అమెరికాలో ఉన్న మా తమ్ముడేమో అక్కణ్ణుంచే పంపిస్తానంటున్నాడు. కొన్నాక పనిచేయకపోతే ఎవరిని అడగాలి? కాలనీ పిల్లలు ఆడుకుంటే ఆటకు పది రూపాయలు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ధర ఒకటే అయినప్పుడు వ్యాపారి దగ్గరే కొనండి, బిల్లు తీసుకుని మరీ కొనండి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 పాత వస్తువులను పక్కన పెట్టలేదు. డబ్బిచ్చి సొంత వాడకానికి కొన్నవారంతా వినియోగదారులే. వస్తువు కొత్తదా, ముప్పై ఏళ్ల కిందటిదా అన్నది లెక్కలోకి రాదు. అయితే అమ్మినవారు వ్యాపారం చేసేవారై ఉండాలి. ఇల్లు ఖాళీ చేస్తూ తన మిషన్ ఒక్కటి అమ్ముకునే ఇంటాయన వ్యాపారి కాడు. ఆయన మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే మొదటి వాయిదాలోనే ఈ అభ్యంతరం వస్తుంది.

వ్యాపారి దగ్గర మీకు దొరికే రక్షణ ఎక్కువ. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడ మీద రాసుంటే చాలామంది నోరెత్తకుండా వచ్చేస్తారు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానం. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఇక ఈ రంగంలో తరచూ జరిగే మోసం ఒకటుంది. కొత్త ప్లైవుడ్ పెట్టెలో చైనా బోర్డు, ఎల్‌సీడీ తెర బిగించి, పాత స్టిక్కర్లు అతికించి ‘తొంభైల నాటి ఒరిజినల్’ అని అమ్ముతారు. లేని నాణ్యత, కాని మోడల్ ఉన్నట్టు చెప్పి అమ్మడం కూడా అనుచిత విధానం కిందికే వస్తుంది. వ్యాపారి నోటి మాటగా చెప్పినదాన్ని వాట్సాప్‌లో రాయించుకోండి. ‘ఒరిజినలేనా అన్నా?’ అని మీరు అడిగి, ‘పక్కా ఒరిజినల్’ అని ఆయన జవాబిస్తే మీ కేసు సగం గట్టిపడినట్టే. ఫోను మార్చినా, ఆ సంభాషణను మాత్రం చెరిపేయకండి.

కేసు వేయడానికి హైదరాబాద్ వెళ్లాల్సిన పని లేదు. కొన్నవారు ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చన్నది 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు. కాబట్టి వ్యాపారి రాజధానిలో ఉన్నా మీరు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు కూడా తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. సరుకును పరీక్షకు పంపాల్సిన కేసును ఐదు నెలల్లో, అక్కర్లేని కేసును మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ముందే మనసు సిద్ధం చేసుకోండి. అందుకే మొదట 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. చాలా గొడవలు అక్కడే సర్దుబాటవుతాయి.

అయినా మనసు ఇంటాయన దగ్గరున్న మిషన్ మీదే ఉందనుకుందాం. అప్పుడు మీకు దిక్కు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం. దాని పదిహేనో సెక్షన్ చాలా పనికొస్తుంది. ఏ వర్ణన చెప్పి అమ్మారో సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. అమ్మేవారు వ్యాపారి కాకపోయినా ఇది వర్తిస్తుంది. ముస్తఫా ఆట చేసిన ‘క్యాప్‌కామ్’ కంపెనీ ఒరిజినల్ బోర్డని చెప్పి నకలు అంటగడితే మీరు సరుకు తిరస్కరించి డబ్బు అడగవచ్చు. కానీ సరుకు బాగా పనిచేయాలన్న షరతు, అంటే పదహారో సెక్షన్, సాధారణంగా ఆ రకం సరుకుల వ్యాపారం చేసేవారికే. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. మీరు సరుకును పరీక్షించి కొంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపం గురించి తర్వాత ఫిర్యాదు చెల్లదు.

కాబట్టి చూసే పని సగం సగంగా చేయకండి. పాత పిక్చర్ ట్యూబు టీవీలు బాగుచేసిన మెకానిక్ ఒకరిని వెంట తీసుకెళ్లండి. వరంగల్‌లో అలాంటివారు ఇంకా ఉన్నారు. వెనక తలుపు తీయించి ట్యూబు, బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ చూపించండి. మీరు చెయ్యి పెట్టకండి, ప్లగ్ పీకేశాక కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల కరెంటు నిలిచి ఉంటుంది. వేడెక్కాక ట్యూబు రంగులు మారుతున్నాయేమో తెలియాలంటే అరగంటైనా ఆడాలి. బోర్డు జామా కనెక్టర్‌దైతే తర్వాత వేరే ఆట బోర్డు మార్చుకోవడం తేలిక. జపాన్ కంపెనీల సంఘం 1985లో పెట్టిన ఆ ప్రమాణాన్నే తర్వాత చాలా బోర్డులు పాటించాయి.

బేరం కుదిరాక ఒక తెల్లకాగితం మీద ఇలా రాయించుకోండి: “ఫలానా ఆట ఉన్న వీడియో గేమ్ మిషన్‌ను ఒరిజినల్ బోర్డు, ఒరిజినల్ పిక్చర్ ట్యూబుతో ఈ రోజు ఆడి చూపించి అమ్మాను. ఇది నా సొంతం. దీని మీద ఇంకెవరికీ హక్కు గానీ బాకీ గానీ లేదు. ఇంత సొమ్ము ముట్టింది.” కింద సంతకం, తేదీ, చిరునామా ఉండాలి. ఆయన గనక ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాను’ అని ఒక్క ముక్క చేరిస్తే చట్టమిచ్చే షరతుల్లో చాలా వరకు ఎగిరిపోతాయి. ఆ ముక్క ఉంటే ధర తగ్గించమనండి. లోపం తెలిసీ కావాలని కప్పిపుచ్చితే మాత్రం అది కాంట్రాక్టు చట్టం కింద మోసమే, ఆ ముక్క ఆయన్ను కాపాడదు. అప్పుడు వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు, మూడేళ్లలోగా.

‘నా సొంతం’ అన్న వాక్యం లాంఛనం అనుకోకండి. మూతపడిన పార్లర్లలో అద్దె బాకీ కింద పట్టుకున్న మిషన్లు, భాగస్వాముల తగాదాలో ఉన్నవి, దొంగిలించినవి తిరుగుతుంటాయి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో నలుగురి ముందు కొన్నా, అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు. అసలు యజమాని వచ్చి అడిగితే మిషన్ ఇచ్చేయాల్సిందే. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం కూడా. వింతగా తక్కువ ధరే అలాంటి కారణం కావచ్చు.

ఆన్‌లైన్ ప్రకటన చూసి మిషన్ చూడకుండా అడ్వాన్సు పంపకండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమన్నవాడు దొంగ, అక్కడితో ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రవాణా సంగతి చాలామంది మరిచిపోతారు. వేరే ఒప్పందం లేకపోతే, లారీ ఆఫీసులో సరుకు అప్పగించగానే మీకు ముట్టినట్టే లెక్క. దారిలో ట్యూబు పగిలితే నష్టం మీది. రవాణా కంపెనీని అడగవచ్చు గానీ, దాని బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకే పరిమితం. మూడు వేలు కిరాయి ఇచ్చి లక్ష రూపాయల మిషన్ వేస్తే దొరికేది ముప్పై వేలు. బుకింగ్ సమయంలోనే అసలు విలువ రాయించి, ఎక్కువ కిరాయి కట్టి పూర్తి బాధ్యత తీసుకోమనండి. దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. హైదరాబాద్ నుంచైతే ఈ తంటా ఎందుకు, సొంతంగా ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెంట కూర్చుని తెచ్చుకోవడం మేలు.

తమ్ముడి ప్రేమకు దండం పెట్టి వద్దనండి. పాత వస్తువుల దిగుమతికి మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్నాయి, అనుమతి కావాలి. అనుమతి లేకుండా ఓడరేవుకు వస్తే కస్టమ్స్ వారు జప్తు చేయవచ్చు, విడిపించుకోవడానికి జరిమానా మీద జరిమానా. పైగా అక్కడి మిషన్ 115 వోల్టులకు చేసింది, మన ఇళ్లలో 230.

ఇక ఆట మీద హక్కుల సంగతి. మీరు చెప్పిన ముస్తఫా ఆట 1993లో క్యాప్‌కామ్ విడుదల చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. కంపెనీ బోర్డుతో వస్తే చిక్కు లేదు. వందల ఆటలు నింపిన చౌక బోర్డులు చాలా వరకు హక్కులు లేని నకళ్లు. సొంత వాడకానికే కదా అంటారు. కాపీరైట్ చట్టంలో సొంత వాడకం మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాములకు లేదు. నకలని తెలిసి వాడటం 63బి సెక్షన్ కింద నేరం. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు. ఇంట్లో ఆడుకునేవారి మీద పోలీసులు వస్తారని భయపెట్టను. కానీ ఆ బోర్డుతో డబ్బు తీసుకోవడం మొదలుపెడితే కథ వేరు.

పది రూపాయల ప్రశ్నకు జవాబు కూడా అదే: వద్దు. డబ్బు తీసుకుని ఆడించే వీడియో గేములు వినోద పన్ను కిందికి వస్తాయని 1983లోనే ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు నిబంధన చెల్లుతుందని 1995లో కర్ణాటక కేసులో తేల్చింది. వినోద పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయినా, ఇంటి ముందు పార్లర్ నడపడమంటే స్థానిక అనుమతులు చూసుకోవాలి. గెలిచినవారికి డబ్బిస్తే 1974 నాటి తెలంగాణ గేమింగ్ చట్టంతో పని పడుతుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద రెట్టింపు చార్జీ లెక్క వేసి బిల్లు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది గానీ, సరదాకు కొని వరండాలో పైసలు వసూలు చేసే మీకు అది వర్తించదు. వ్యాపారి వకీలు ఆ పది రూపాయల వసూలునే చూపించి మీ ఫిర్యాదు కొట్టేయమంటాడు.

పిల్లలు ఊరికే ఆడుకుంటే అభ్యంతరమేమీ లేదు. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తో సరిచూపించి, వెనక తలుపుకు తాళం వేయించండి.