గిటారు యాంప్లిఫయరు, స్పీకరు పెట్టె: ఓముల లెక్క



మన సంఘములలో గిటారు వాయించే యువజనులు పెరిగినారు. క్రిస్మస్ దగ్గరపడగానే బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి ఇంకొక స్పీకరు పెట్టె తెచ్చి, ఉన్న యాంప్లిఫయరుకు తగిలించుట కూడ జరుగుచున్నది. పెట్టె ఎన్ని వాట్లని అందరూ అడుగుతారు. వెనుక రేకు మీది ఓముల అంకెను చూసేవారు తక్కువ. చందాలతో కొన్న యాంప్లిఫయరు ఆ అంకె దగ్గరే కాలిపోగలదు గనుక దానిని కొంచెము నేర్చుకుందాము.

స్పీకరులో తీగచుట్ట ఉంటుంది. అది కరెంటుకు ఎంత అడ్డు చూపునో ఓములలో చెప్తారు. ఓములు తగ్గితే కుళాయి ఎక్కువ తిప్పినట్టే, కరెంటు ఎక్కువ పారుతుంది. దీనికి ఇంపెడెన్స్ అనే పేరు 1886లో ఆలివర్ హెవిసైడ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పెట్టినాడు. 8 ఓముల స్పీకరుకు మల్టీమీటరు పెడితే 6, 7 మధ్య చూపుతుంది. అంగడివాడు మోసగించెనని తలంచవద్దు. మీటరు తీగ నిరోధమును మాత్రమే చూపును; ఇంపెడెన్స్ స్వరస్థాయిని బట్టి మారుతుంది.

8 ఓముల పెట్టెలు రెండు సమాంతరముగా కలిపితే 4 ఓములు అగును, నాలుగు కలిపితే 2. రెంటిని ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపితే 16. యాంప్లిఫయరు వెనుక రెండు స్పీకరు జాకులుంటే అవి సాధారణముగా సమాంతరమే. అందుచేత పెట్టెలు పెరిగేకొలది ఓములు తగ్గుతాయి. తొందరలో అందరూ మరచేది ఇదే.

ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు మీద "కనీసము 4 ఓములు" అని ఉంటే 8 గాని 16 గాని తగిలించవచ్చును. 8 పెడితే శక్తి సుమారు సగమగును, అయితే అది 3 డెసిబెల్సు తేడా మాత్రమే. వెనుక బెంచీలవారు ఫిర్యాదు చేయరు. 2 ఓములు తగిలిస్తే కరెంటు రెట్టింపు లాగి, ఫ్యూజు పోవచ్చును, లేదా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లే కాలవచ్చును.

వాల్వు యాంప్లిఫయరు సంగతి వేరు. దానిలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది గనుక పెట్టె ఓములు, మీట చూపే ఓములు ఒకటి కావలెను. ఫెండర్ ట్విన్ రివర్బులో 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరముగా ఉంటాయి, దాని లెక్క 4. మార్షల్ 1960 పెట్టెకు 4, 16 రెండు అంకెలూ ఉంటాయి. ఏ జాకులో తీగ గుచ్చితే మీట ఆ అంకెకే త్రిప్పవలెను. స్పీకరే లేకుండ ఈ యంత్రమును వాయించుట అన్నిటికంటె చెడ్డది. ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి ఎగిరి ఇన్సులేషన్ చీలిపోవచ్చును.

మందిరములో ఉండే అహూజా వంటి యాంప్లిఫయరుకు 4, 8, 16 ఓముల బిగింపులతో పాటు 100 వోల్టుల బిగింపు కూడ ఉంటుంది. అది ట్రాన్స్‌ఫార్మరు గల హారన్లకు, కాలమ్ స్పీకర్లకు. దానికి 8 ఓముల గిటారు పెట్టె తగిలిస్తే, లెక్క ప్రకారము 1,250 వాట్లు అడిగినట్టు. అంత ఇచ్చే యంత్రము మనలో ఎవరి దగ్గరున్నది?

గిటారు నుండి వచ్చే సన్నని తీగను స్పీకరుకు వాడరాదు. లావుపాటి స్పీకరు తీగయే కావలెను. యాంప్లిఫయరు ఆపిన తరువాతనే తీగలు మార్చవలెను. పెట్టె వెనుక అంకె చెరిగిపోయియుంటే మీటరుతో చూచి, 3 చూపితే 4 అని, 6 చూపితే 8 అని, 12 చూపితే 16 అని పెయింటుతో పెద్దగా వ్రాయించండి.