ఉపాధ్యాయులకు పాల పాఠం: మన సంఘంలోనే

సభ్యులారా! మాంసకృత్తులు, కాల్షియం అనే మాటలు హైస్కూలు పుస్తకాలలో ఉన్నాయి. వాటిని చేతితో చేసి చూపే సామగ్రి మన సంఘంలో ఉంది. అందుచేత ఊరి ఉపాధ్యాయులను ఒక పూట సంఘానికి పిలిచి, ఈ మూడు విషయాలు నేర్పవలసిందిగా కోరుతున్నాము.

1. నీళ్ళు, వెన్న: పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు అంకె తగ్గుతుంది. వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ చేస్తే అంకె మామూలుగానే కనిపించవచ్చు. కనుకనే వెన్న శాతం కూడా చూస్తాము. గెర్బరు పద్ధతిలో గాఢ గంధకామ్లం వాడతాము గనుక ఆ పని పరీక్షకుడే చేయాలి. ఉపాధ్యాయులు చూస్తే చాలు.

2. పిండి: కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కల అయోడిన్ ద్రావణం వేయాలి. నీలిరంగు వస్తే పిండి కలిసినట్లే. పరీక్షించిన పాలు పారబోయాలి.

3. పోషణ: 100 గ్రాముల గేదె పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం, మూడున్నర గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఇనుము మాత్రం బహుస్వల్పం. పాలతోపాటు పప్పు, ఆకుకూర కూడా ఉండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలు ఈ పాఠానికి మంచి ఆధారం.

ఇందులో మనకేమి లాభం అనవచ్చు. ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి, పిల్లలకు డికాషనుతో సరిపెట్టే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. మేము ఎన్నిసార్లు చెప్పినా వినని ఇంటికి, బడి నుంచి వచ్చిన బిడ్డ చెబితే ఆ మాట చేరుతుంది. పాలు కేంద్రానికి తెచ్చేముందు బిడ్డ గ్లాసు నింపండి.