కాన్వెంటు గేటుకి అటూ ఇటూ

గుంటూరు

చిరంజీవి బుజ్జికి చిన్నమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన నాలుగు పేజీలూ కళ్లజోడు తుడుచుకుంటూ రెండుసార్లు చదివాను. ఆ బుల్లి అక్షరాల మీద వేలితో పొడవడం నావల్ల కాదు. కాగితం మీద రాస్తున్నాను, మీ పిన్ని ఫోటో తీసి పంపుతుంది.

బీఎడ్ ఇంటర్న్‌షిప్‌కి నీకు సిస్టర్ల బడి పడిందన్నావు. ప్రాజెక్టు కోసం ఇరవైమంది తల్లిదండ్రుల్నీ, ఇరవైమంది పిల్లల్నీ అడిగావు. పెద్దల్లో పదహారుమంది ‘చాలా సంతృప్తి’ అన్న గడిలో టిక్కు పెడితే పిల్లల్లో ఆరుగురే పెట్టారు. ఎవరి మాట నమ్మాలి అంటున్నావు. ఇద్దరి మాటా నమ్ము. కాకపోతే ఎవరు ఏ బడి గురించి చెబుతున్నారో చూసుకో. నేను అలాంటి బడిలో ఇరవయ్యేడేళ్లు తెలుగు చెప్పాను. మీ పిన్నిని పదేళ్లు అక్కడే చదివించాను. స్టాఫ్ రూములో ఒకలా, పేరెంట్స్ మీటింగులో బెంచీ మీద ఇంకోలా కూర్చున్నదాన్ని. ఆ బడి పేరు మాత్రం రాయను, నువ్వూ ఎవరికీ చెప్పకు.

మనవాళ్లకి మెళ్లో టై ఉంటే చాలు, అది కాన్వెంటే. ‘వెంకటేశ్వరా కాన్వెంట్’ అన్న బోర్డు చూసి నువ్వూ నవ్వే ఉంటావు. సన్యాసినుల మఠానికున్న పేరు అలా సందు సందుకీ పాకిందంటే, అసలు కాన్వెంట్ల మీద జనానికి ఎంత మోజో ఊహించుకో. విశాఖలో సెయింట్ అలోషియస్ బడి 1847 నాటిది. మన గుంటూరికి జె.ఎం.జె. సిస్టర్లు 1904లో హాలెండు నుంచి ఓడెక్కి వచ్చారు. మా అమ్మకి తెలిసిన ఇళ్లల్లో ఆడపిల్లని ధైర్యంగా పంపిన బడి అంటే సిస్టర్ల బడే. పాఠాలు చెప్పేదీ ఆడవాళ్లే, గేటు దగ్గర వాచ్‌మన్, చుట్టూ నిలువెత్తు గోడ. ఆ గోడని చూసే చేర్పించేవాళ్లు. పిల్లలు చూసేదీ ఆ గోడనే, లోపల్నుంచి.

అందుకని తల్లిదండ్రుల్ని ‘బడి బాగుందా’ అని అడిగితే లాభం లేదు. ‘ఈ సీటు కోసం ఏం వదులుకున్నారు’ అని అడుగు. చేతి గాజులు అమ్మి ఎల్.కె.జి.లో డబ్బు కట్టిన తల్లి ఒకావిడ నాకు తెలుసు. బడి బాగాలేదని ఆవిడ నోటితో ఎలా అంటుంది? అంటే ఆ గాజులు ఏమైపోయినట్టు?

పిల్లల్ని ‘ఎక్కడ కూర్చుని అన్నం తింటావు, పక్కన ఎవరుంటారు’ అని అడుగు. బడి ఎలా ఉందో అందులోంచే బయటికొస్తుంది. తల్లి పక్కనుండగా మాత్రం అడగకు.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. చెప్పకపోతే మిగతాది నీకు అర్థం కాదు. 2009లో మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట్లాడారని పిల్లల మెళ్లో పలకలు వేలాడదీశారు, రాష్ట్రమంతా గొడవైంది. మా బడిలో పలకలు లేవు, హార్లిక్స్ సీసా ఉండేది. తెలుగు పీరియడ్‌లో తప్ప కాంపౌండులో తెలుగు మాట దొర్లితే రూపాయి. మానిటర్ పొడుగు నోటుపుస్తకంలో పేర్లు రాసేది. ఏడో తరగతి క్లాస్ టీచర్ని కాబట్టి ఆ సీసా ఉండేది నా బీరువాలోనే. తెలుగు పంతులమ్మని, తెలుగు మాట్లాడారని పైసలు వసూలు చేశాను. ‘రూలు’ అనుకున్నాను, అంతే.

ఆ క్లాసులో ఒక ఆటో డ్రైవరు కూతురు నా పీరియడ్ వస్తే చాలు, నోరు మూసేది కాదు. ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తేది. నా పాఠమంటే ప్రాణమనుకుని మురిసిపోయాను. రోజు మొత్తంలో ఆ పిల్లకి మాట ఉచితంగా దొరికేది ఆ నలభై నిమిషాలేనని ఏడాది చివర్న గానీ నాకు వెలగలేదు. మిగతా పీరియడ్లలో నోరు కుట్టేసుకుని కూర్చునేదట. పేరెంట్స్ మీటింగులో వాళ్లమ్మ ఏమందో తెలుసా? ‘మీ బడిలో వేశాక ఎంత నెమ్మదితనం వచ్చిందో మేడమ్, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడట్లేదు!’ పిల్ల మాత్రం నా బీరువా వంకే చూస్తోంది.

నీ ప్రొఫార్మాలో ఆ తల్లిది ‘చాలా సంతృప్తి’. అబద్ధమా? కాదే! ఆవిడకి ఇంట్లో కనిపించింది కనిపించినట్టే చెప్పింది.

ఇంకో ముచ్చట. మా హెడ్ మిస్ట్రెస్ సిస్టర్‌ది కేరళ. తెలుగు అంతంతమాత్రం. ఒక శనివారం ఒక మేస్త్రీ గారు కొడుకు మార్కులు చూడ్డానికి వచ్చాడు. మాటలు అందించేది ఆ కొడుకే, ఐదో తరగతి. వీడికి శ్రద్ధ లేదు, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడని సిస్టర్ ఇంగ్లీషులో చెప్పింది. వాడు తడుముకోకుండా, ‘బాగా చదువుతున్నానని కిటికీ పక్కన కూర్చోబెడతారంట నాన్నా’ అన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించి ‘మీ దయ మదర్’ అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని సిస్టరూ సంతోషించింది. పక్క టేబుల్ దగ్గర నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. బుజ్జీ, తల్లిదండ్రులకి బడి సంగతులు చేరవేసేది సగం వరకూ పిల్లలే. ఏది చేరవేయాలో, ఏది మింగేయాలో వాళ్లకి బాగా తెలుసు.

దీనికి తలకిందులుగా జరిగింది మా ఇంట్లోనే. మీ పిన్ని బడి బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేది. ఆగస్టు పదిహేను ముందు వారమంతా పిల్లల్ని ఎండలో నిలబెడుతున్నారని నేను సిస్టర్‌తో తగువేసుకున్నాను, అదీ అక్కడ జీతం తీసుకుంటూ. ఇప్పుడు దానికి నలభై దాటాయి. లెక్కల్లో వచ్చిన ర్యాంకు గుర్తులేదట, భుజాన ఆ డ్రమ్ బరువు మాత్రం గుర్తుందట. ఆ బడి తనకిచ్చింది అదేనంటుంది. నేను ఫిర్యాదు చేసింది సరిగ్గా దాని మీదే.

బొట్టు, గాజులు, మల్లెపూల సంగతి నువ్వు పేజీన్నర రాశావు. ఒక్కో బడిది ఒక్కో తీరు. మా దగ్గర స్టిక్కర్ బొట్టుకి అడ్డు లేదు, పూలు వద్దనేవారు. అమ్మ జడలో పెట్టిన పూలు ఆటోలోనే తీసి టిఫిన్ బాక్సు మూతలో దాచి, సాయంత్రం మళ్లీ పెట్టుకుని ఇంటికెళ్లే పిల్లలు ఎందరో. అటు తల్లికీ ఇటు సిస్టర్‌కీ గొడవ లేకుండా వాళ్లే చూసుకునేవారు. పెద్దవాళ్లు దిగినప్పుడే ముదురుతుంది. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన పిల్లల విషయమై గుంపు బడి మీద పడి అద్దాలు పగలగొట్టింది. పెద్దల కోపం టీవీల్లో చూశాను. దీక్షలో ఉన్న పిల్లాడూ, వాడి బెంచీ నేస్తమూ మర్నాడు ఏం మాట్లాడుకున్నారో ఎవరైనా అడిగినట్టు చూడలేదు.

చట్టం కూడా కాస్త చదువుకో, వైవాలో పనికొస్తుంది. మైనారిటీలు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకి వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 28వ అధికరణం మూడో క్లాజు ఇంకా ముఖ్యం. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో ఎవరినీ బలవంతంగా మతబోధకి కూర్చోబెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. చూశావా, అక్కడ కూడా అడిగేది పెద్దవాళ్లనే.

ఆ సమ్మతి క్లాసులో ఎలా ఉంటుందో చెబుతాను. బుధవారం నాలుగో గంట కొట్టగానే నా క్లాసు రెండుగా విడిపోయేది. యాభై రెండు మందిలో తొమ్మిదిమంది క్యాథలిక్ పిల్లలు క్యాటకిజం పుస్తకాలు పట్టుకుని చాపెల్ పక్క గదికి లైనుగా వెళ్లేవారు. మిగతావాళ్లకి అక్కడే మోరల్ సైన్స్, అది చెప్పేది నేనే. ఒక అమ్మాయి గంట వినపడగానే లేచి, రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చునేది. ప్రతి బుధవారం. ఆదివారం పూజలో ముందు వరసలో పాడేది ఆ పిల్లే. నాయనమ్మ నేర్పిన జపమాల దానికి కంఠతా వచ్చు. కానీ బడి అప్లికేషన్‌లో వాళ్ల నాన్న ‘హిందూ - మాల’ అని రాశాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత సిక్కులకీ బౌద్ధులకీ వచ్చింది గానీ క్రైస్తవులకి రాలేదు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. రేపటి సీటు, ఎల్లుండి ఉద్యోగం లెక్కేసుకుని ఆ తండ్రి ఆ గడి నింపాడు. నేను తప్పుపట్టను, నువ్వూ పట్టకు. ఆయన్ని అడిగితే బడి ఎంతో మంచిది, ఫీజు సగం తగ్గించారు. పిల్లనడిగితే ఏమనేదో! నేను అడగలేదు. చేతిలో మోరల్ సైన్స్ పుస్తకం పెట్టుకుని, చూడనట్టు బోర్డు తుడిచాను.

నీ నలభైమందిలో లేనివాళ్లు కూడా ఉన్నారు సుమా. చాలా కాన్వెంట్లలో వెనక గేటు వైపు తెలుగు మీడియం ఎయిడెడ్ సెక్షన్ ఉండేది. వేరే యూనిఫాం, వేరే గంట, ఇళ్లల్లో పనిచేసుకునే వాళ్ల పిల్లలు. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని వెనక్కి తీసుకోబోతే విశాఖలో అలాంటి తల్లులే రోడ్డు మీద కూర్చున్నారు. మీ బడిలో ఆ గేటు ఇంకా తెరిచే ఉందేమో కనుక్కో.

ఆ బుధవారం పిల్ల పోయిన జూన్‌లో కనిపించింది. పిల్లంటే పిల్ల కాదులే, స్టాఫ్ నర్సు. అదే బడి గేటు దగ్గర, చేతిలో ఫీజు రసీదు, పక్కన కొత్త బూట్లతో ఒకటో తరగతి కూతురు. ‘మంచి బడి మేడమ్, మేం చదివిందేగా’ అంది. మనసాగక, ‘పాప క్యాటకిజానికి వెళ్తుందా, మోరల్ సైన్సుకా?’ అని అడిగాను. రసీదు మడిచి పర్సులో పెట్టుకుంది. ‘ఫారం వాళ్ల నాన్న నింపారు మేడమ్, నేను చూడలేదు’ అంది.

ఉంటాను. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ చిన్నమ్మమ్మ