గుండె జబ్బు లెక్క తేలేదెప్పుడు?

ప్రశ్న: గుండెజబ్బుల మీద కొన్ని పరిశోధనలు నలభై, యాభై ఏళ్లు సాగుతాయట. ఐదేళ్లు గమనిస్తే సరిపోదా డాక్టర్‌గారూ?

జవాబు: సరిపోదు. కెనడాలోని మానిటోబా అధ్యయనమే ఇందుకు మంచి ఉదాహరణ.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో కెనడా వైమానిక దళంలో చేరిన కుర్రాళ్లకు ఈసీజీ తీసేవారు. పైకి ఆరోగ్యంగా ఉన్న కొందరి ఈసీజీల్లో తేడాలు కనిపించాయి. ముందుముందు వాటివల్ల ఏమవుతుందో చెప్పే ఆధారాలు అప్పట్లో లేవు. ఈ అధ్యయనానికి మూలపురుషుడైన డాక్టర్ మాథ్యూసన్ ఆ రికార్డులను వృథా పోనివ్వలేదు. 1948లో విన్నిపెగ్ కేంద్రంగా 3,983 మంది మగవాళ్లతో అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ల సగటు వయసు 31 ఏళ్లు. తలో ఊళ్లో స్థిరపడిన ఆ మనుషులకు ఏళ్ల తరబడి ఉత్తరాలు వెళ్లాయి. ఎవరి డాక్టర్ దగ్గర వాళ్లు పరీక్ష చేయించుకుంటే, ఆ వివరాలూ ఈసీజీలూ విన్నిపెగ్ చేరేవి. ఆ ఓపికకు దండం పెట్టాలి.

మరి తేలిందేమిటి? యువకుల్లో అధిక బరువుకీ గుండెజబ్బుకీ ఉన్న సంబంధం పదహారేళ్లు గడిస్తేగానీ బయటపడలేదు. ఐదేళ్లకే ఆపేసి ఉంటే, లావుతో ప్రమాదమేమీ లేదని రాసేసేవారు!

44 ఏళ్లలో 299 మందికి గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. దానివల్ల పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపయినట్టు తేలింది.

అందరూ మగవాళ్లే కావడం ఇందులో పెద్ద లోటు. ఈ అంకెలను ఆడవాళ్లకు యథాతథంగా అన్వయించకూడదు.

మాథ్యూసన్‌లాగే మీరూ ఇంట్లో పెద్దవాళ్ల పాత ఈసీజీలుంటే పారేయకండి. కొత్తదాంతో పోల్చి చూడటానికి డాక్టరుకు అవి ఎంతో పనికొస్తాయి. ఆ కాగితం మీది గీతలు వేడికి వెలిసిపోతాయి కాబట్టి జిరాక్స్ తీయించి ఫైలులో పెట్టండి.